గోడేవారి వేధశాల, నాన్నగారి గడియారం

మా అనకాపల్లి ఇంట్లో నాన్నగారి క్రోనోగ్రాఫ్ ఒకటి ఉంది. కీ ఇచ్చే పాత స్విస్ చేతిగడియారం. మీట నొక్కితే మధ్యనున్న పొడుగాటి సెకన్ల ముల్లు కదులుతుంది. ఆ ముల్లు తిరుగుతుంటే నాకు ముచ్చట. అందుకే ఎప్పుడూ నడిపిస్తూనే ఉండేవాణ్ణి. నిదానంగా నడుస్తోందని ఒక దుకాణానికిస్తే వేగం సరిచేసే సూచికను కాస్త జరిపి ఇచ్చేశారు. అప్పటినుంచి ఒకరోజు ముందు, ఒకరోజు వెనక! అంకితం వెంకట నరసింగరావు గారి గురించి చదవకపోయి ఉంటే దాన్ని పెట్టెలో పడేసేవాణ్ణే.

అనకాపల్లి జమీందారులైన గోడేవారి వంశంలోని గోడే వెంకట జగ్గారావు (1817-1856) మదరాసు వేధశాలలో టి.జి.టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పారు. ఆయన అనంతరం దాన్ని నడిపినవారు అల్లుడైన నరసింగరావు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం ఆయన విశాఖనుంచే పరిశీలించారు.

ఆ పనికి ఆయువుపట్టు కాలమే. శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణాన్ని సెకన్లతో సహా పట్టుకోవాలి. రేడియో లేని రోజుల్లో గడియారాన్ని దేనితో సరిచూడాలి? నక్షత్రాలతో. తెలిసిన నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటే వేళకు గడియారం ఎంత తేడా చూపుతోందో రాసుకోవడం నాటి ఖగోళజ్ఞుల పద్ధతి. మాటిమాటికీ ముళ్ళు తిప్పరు. రోజూ ఆరు సెకన్లే వెనకబడే గడియారాన్ని నమ్మవచ్చు. ఇవాళ రెండు, రేపు పదీ అయితేనే చిక్కు.

(అప్పట్లో ఊరికో కాలం. 1906లో అమలైన భారత ప్రామాణిక కాలంకంటే అనకాపల్లి స్థానికకాలం 2 నిమిషాలు ముందు, విశాఖది మూడుకు పైగా.)

నేనూ సూచికను ముట్టుకోకుండా రెండు వారాలు తేడాలు రాశాను. నా నక్షత్రం సెల్‌ఫోను! మీట ఆపి ఉంచిన రోజుల్లో గడియారం ముందుకు పోతోంది, కానీ ఇంచుమించు రోజూ ఒకే లెక్కన. మీట నొక్కి నడిపిన రోజుల్లోనే వెనకబాటు, అదీ ఒక తీరుగా లేదు. క్రోనోగ్రాఫ్ చక్రాలకూ శక్తి అదే స్ప్రింగునుంచి రావాలి గనక బ్యాలెన్సు చక్రం ఊపు కొంత తగ్గడం సహజం. ఇంతగా తగ్గితే మాత్రం చక్రాల పళ్ళు మరీ లోతుగా కలుస్తుండాలి, లేదా నూనె గట్టిపడి ఉండాలి.

ఆ కాగితం తీసుకుని మరో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. విప్పి చూస్తే నూనె జిగురైపోయి ఉంది. శుభ్రంచేసి, కొత్త నూనె వేసి, సూచికను వెనక్కి జరిపారు. ఇప్పుడు రోజుకు పన్నెండు సెకన్లు నిదానం. అలాగే ఉండనిచ్చాను.