గోదావరీతీర సైనికుల నామములు – కుటుంబచరిత్ర పరిశోధనము

రాయలసీమయందును పల్నాటియందును గ్రామముల పొలిమేరలలో వీరగల్లులు నేఁటికిని నిలిచియున్నవి. పశువులను మరలించుటలోనో, ఊరిని గాచుటలోనో ప్రాణములు విడిచిన సామాన్యభటుని పేరు, కొన్నిట నాతని తండ్రిపేరును, ఆ రాళ్లపైఁ జెక్కఁబడి యుండును. రాజుల ప్రశస్తి శ్లోకములకొలఁది సాగఁగా భటుని మరణము దేశభాషలో రెండు మూఁడు పంక్తులతో ముగియును. అయినను అతఁడు పేరుగలవాఁడు. ఆ రాతిముందు నిలిచి ‘ఇతఁడెవ్వఁడు?’ అని యడిగినచో రాయియే ప్రత్యుత్తరమిచ్చును. ఇరువదవ శతాబ్దమున గోదావరీతీరమునుండి రెండు ప్రపంచయుద్ధములకుఁ బోయినవారి విషయమున నీ ప్రశ్నకుఁ బ్రత్యుత్తర మంత సులభముగా లభింపదు.

మొదటి యుద్ధము ముగిసిన పిదప ఆంగ్లప్రభుత్వము భారతదేశమునఁ బెక్కు గ్రామములలో స్మారకఫలకములు నాటించెను. ఆ యూరినుండి యుద్ధమునకుఁ బోయిన వారెందఱు, మరలి రానివారెందఱు అనునదియే వానిలోని విషయము. సంఖ్య గలదు, పేరు లేదు. ఇరాకులోని బస్రా స్మారకమును 1929లో ఆవిష్కరించిరి. మెసపొటేమియాలో మరణించి సమాధియైనఁ దెలియని నలువదివేలమందికిఁ బైగా సైనికులకొఱకు నిర్మింపఁబడిన యా కట్టడమున ఆంగ్లసైనికుల పేర్లు వరుసగాఁ జెక్కిరి. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, తక్కినవారిని దళమునకు ఇంతమంది యని లెక్కతోఁ దేల్చిరి. ఈ యసమానతను కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము 2021లోఁ బ్రకటించిన తన నివేదికయందుఁ దానే యంగీకరించినది. ఢిల్లీలో 1931లో ఆవిష్కరింపఁబడిన ఇండియా గేటుపైఁ బదుమూఁడువేలకుఁ బైగాఁ బేర్లున్నవి. మొదటి యుద్ధమున మరణించిన భారతీయులో, డెబ్బదివేలకు మించినవారు.

కావున తండ్రియో తాతయో యుద్ధమునకుఁ బోయెనని విని యాతని సేవను దెలిసికొనఁగోరువానికి రెండు ఖండములైన సాక్ష్యము లభించును. ప్రభుత్వపత్రములలో సంఖ్యయు, విఱిగిన పేరును ఉండును. ఇంటిలో నిండుపేరు, ఇంటిపేరు, బంధుత్వము ఉండును, సంఖ్య యుండదు. ఈ రెంటిని గలుపుటయే పరిశోధనము. వ్యాకరణశాస్త్రమున విభక్తి చేరనిదే ప్రాతిపదికము పదము గాదు. అట్లే తండ్రితోను, ఊరితోను, దళముతోను సంబంధము గుదురనిదే పట్టికలోని పేరు మనుష్యుఁడు గాఁడు.

ఈ ప్రాంతమునకు సైనికవృత్తి క్రొత్తదికాదు. 1758 డిసెంబరులోఁ బిఠాపురమునకు సమీపమున చందుర్తికడ ఆంగ్లేయులు పరాసులను జయించిన యుద్ధము ప్రసిద్ధము. ఉత్తరహిందూస్థానమునఁ గుంపిణీ సిపాయికి ‘తిలంగా’ యను పేరు కలిగినది. తెలుగుదేశమున మొదటఁ జేరిన సిపాయీలవలన జాతివాచకము వృత్తివాచకమైనదని చెప్పుదురు. పిమ్మట 1857 తరువాత యుద్ధజాతులు, యుద్ధమున కనర్హమైన జాతులు అను విభాగమును ఆంగ్లసేనాధిపతులు గల్పించి చెన్నపురి సీమవారిని గ్రమముగాఁ దగ్గించిరి. మద్రాసు పదాతిదళములు 1928 నాఁటికి రద్దయినవి. మద్రాసు శాపర్లను దళము మాత్రము బెంగుళూరున నిలిచియుండెను. రెండవ యుద్ధము వచ్చి సైన్యమునకు ఇరువదియైదు లక్షలమంది కావలసివచ్చినప్పుడు ఆ విభాగము మూలఁబడినది. మద్రాసు రెజిమెంటు మరల నేర్పడినది. తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న మాధవరము ‘మిలిటరీ మాధవరము’ అని పేరొందినది. మొదటి యుద్ధమునకుఁ దొంబదిమంది, రెండవదానికి వేయిమందికిఁ బైగాఁ దమ యూరినుండి పోయిరని ఆ గ్రామస్థులు చెప్పుకొందురు. ఆ వేయిమందిలో నొక్కని కుమారుఁడో కుమార్తెయో తండ్రిని వెదకఁదలఁచిన నేమి చేయవలయునో విచారింతము.

మొదటి చిక్కు లిపి. సైనికపత్రములు రోమకలిపిలో నుండును. ఆ లిపిలోఁ దకారమునకును టకారమునకును ఒక్కటే యక్షరము. దకార డకారములకు మఱియొకటి. నణలకు, లళలకు భేదమే లేదు. హ్రస్వదీర్ఘములు లేఖకుని యిచ్ఛననుసరించును. చెన్నపురి వాడుకలోఁ దకారమునకు హకారము చేర్చి వ్రాయుట యొకటి, చేర్పక వ్రాయుట మఱియొకటి. కావున సత్తిరాజు ‘సట్టిరాజు’ కావచ్చును, ‘సతిరజు’ కావచ్చును. వీరాస్వామి ‘వెరసామి’ యగును. ఒక్క వర్ణక్రమముతో వెదకి పేరు లేదని విరమించుట తగదు. తెలుఁగుపేరును దీసికొని, రోమకలిపిలో దానికిఁ గలుగఁగల రూపములన్నిటిని ముందుగాఁ గాగితముపై వ్రాసికొని, ఒక్కొక్కదానితో వెదకవలయును.

రెండవ చిక్కు ప్రకృతి వికృతులది. దళమునఁ జేరువాఁడు పిలుపుపేరు చెప్పెను; లేఖకుఁడు విన్నట్లు వ్రాసెను. ఇంటిలోఁ బెండ్లిపత్రికయందు కృష్ణయ్య యైనవాఁడు సైన్యమునఁ గిష్టయ్య, లక్ష్మన్న లచ్చన్న. అయ్య, అన్న, అప్ప, స్వామి యనునవి యొకదానికి బదులొకటి వచ్చుచుండును. ‘డు’వర్ణక మొకచో నిలుచును, ఒకచో లోపించును, రాముఁడు, రాములు, రామన్న యొక్కఁడే కావచ్చును. వీనిని అపపాఠములని త్రోసివేయక పాఠాంతరములని స్వీకరింపవలెను. తాళపత్రగ్రంథములను బరిష్కరించువారికి నీ పద్ధతి పరిచితమే.

మూఁడవది ఇంటిపేరు. మనకు మనుష్యుని నిర్దేశించునది యింటిపేరే. ఒక యూరిలో వెంకన్నలు పదుగురున్నను ఇంటిపేరుతో వారు వేఱగుదురు. సైనికపత్రములలో నది యొక పొడియక్షరముగాఁ గుదించుకొనిపోవును, లేదా పూర్తిగా లోపించును. దాని స్థానమును తండ్రిపేరు పొందును. కావున తండ్రిపేరు మాత్రమే కాక, తండ్రికిఁ దండ్రియైనవాని పేరును దెలిసియుండుట యావశ్యకము. పితృకర్మలయందు మూఁడు తరముల పేర్లు చెప్పు నాచారము గల కుటుంబములకు నిది సులభము. అట్టి యాచారము లేనివారు భూమిపత్రములను, పాఠశాలల దాఖలాలను జూడవలయును.

నాలుగవది జిల్లాపేరు. ఇది యనేకులను దారితప్పించునది. 1859లో రాజమహేంద్రవరము జిల్లా పోయి గోదావరి, కృష్ణ జిల్లాలేర్పడినవి. 1904లో తణుకు, భీమవరము, నరసాపురము, ఏలూరు మొదలగు తాలూకాలు గోదావరినుండి కృష్ణలోఁ జేర్పఁబడినవి. 1925లో అవి పశ్చిమగోదావరి యైనవి. పాత గోదావరిజిల్లా తూర్పుగోదావరి యైనది. అందువలన 1916లో సైన్యమునఁ జేరిన తణుకు తాలూకావాఁడు పత్రములలో కృష్ణాజిల్లావాఁడు. 1942లోఁ జేరిన వాని కుమారుఁడు పశ్చిమగోదావరివాఁడు. ఇద్దఱు నొకే యింట పుట్టినవారు. 2022లో జిల్లాలు మరల మాఱినవి గావున నేఁటి పటముతో వెదకుట నిష్ఫలము. పేర్ల రూపములును అట్టివే. కృష్ణ ‘కిష్ట్నా’, కాకినాడ ‘కొకనాడా’, ఏలూరు ‘ఎల్లూర్’ అని యుండును. మాధవరమను పేరుగల యూళ్లు తెలుఁగుదేశమునఁ బెక్కులు గలవు. తాలూకా తెలియనిదే ఊరిపేరు ప్రమాణము గాదు.

ఈ విషయములను గుదుర్చుకొనిన పిదప ఇంటిలోని వస్తువులను బరిశీలింపవలెను. పెట్టె యడుగున డిశ్చార్జి పుస్తకము, పింఛను కాగితము, మనియార్డరు రసీదు ఉన్నచో దళసంఖ్య దొరకినట్లే. మొదటి యుద్ధపు పతకమైనచో దాని యంచును భూతద్దముతోఁ జూడవలెను. సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము ఆ యంచుపైనే చెక్కి యిచ్చిరి. బర్మా నక్షత్రమనునది బర్మా రంగమునకు, ఆఫ్రికా నక్షత్రము ఉత్తరాఫ్రికా రంగమునకు సంబంధించినవి గావున, పేరు లేకున్నను అవి యుద్ధరంగమును దెలుపును. పతకమును దోమి మెఱుఁగుపెట్టుట మంచిది కాదు. ఆ మెఱుఁగుతోఁ గొన్ని యక్షరములును బోవును.

తరువాతఁ బ్రభుత్వపత్రములు. మరణించినవారైనచో కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి పట్టిక అంతర్జాలమున నందఱికి నుచితముగా లభించును. అందుఁ బదునేడు లక్షలమంది గలరు. రెండవ యుద్ధమునఁ జచ్చిన భారతీయుల విషయమునఁ బెక్కుచోట్లఁ దండ్రిపేరు, భార్యపేరు, ఊరు, జిల్లా యిచ్చిరి. రంగూనునకు సమీపముననున్న తౌక్యాన్ స్మారకమున సుమారు ఇరువదియేడువేల పేర్లును, సింగపూరులోని క్రాంజి స్మారకమున ఇరువదినాలుగువేలకు మించిన పేర్లును గలవు. బర్మాలోనో మలయాలోనో కనఁబడకపోయినవానిని ముందుగా నీ రెండింటియందు వెదకఁదగును. తిరిగివచ్చినవారి సేవాపత్రములకు దళమే మూలము. మద్రాసు రెజిమెంటువారి కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున, శాపర్లది బెంగుళూరున గలవు. సంఖ్యయు దళమును జెప్పినఁగాని అచ్చటి లేఖకులు వెదకఁజాలరు. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయము ఈ యుత్తరప్రత్యుత్తరములకుఁ దోడ్పడును.

ఇంకను రెండు విషయములు గలవు. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు పతనమైనప్పుడు నలువదివేలకుఁ దక్కువ గాని భారతీయసైనికులు చెఱపట్టఁబడిరి. వారిలోఁ గొందఱు ఆజాదు హిందు ఫౌజులోఁ జేరిరి. అట్టివాని సేవ ఆంగ్లపత్రములలో నర్ధాంతరముగాఁ దెగిపోవును. తక్కిన కథను ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున ఫౌజుకు సంబంధించిన పత్రములలో వెదకవలయును. ఇఁక రెండవది. రంగూను పోయినవారందఱును సైనికులు గారు. కాకినాడనుండి కూలికిఁ బోయిన తెలుఁగువారు వేలకొలఁది; కోరంగి రేవు పేరుమీఁదుగా బర్మావారు మనవారిని కోరంగీలనిరి. 1942లో ఆ దేశమును విడిచి యడవులవెంట నడచివచ్చుచు మరణించినవారి పేర్లు సైనికుల పట్టికలో లేవు. ‘మా తాత బర్మా యుద్ధములోఁ బోయెను’ అను వాక్యమున ‘యుద్ధములో’ అనఁగా యుద్ధకాలమునా, యుద్ధరంగమునా యని ముందుగా నిర్ణయింపవలెను. సప్తమికిఁ గాలమును దేశమును రెండును అధికరణములే కదా! యుద్ధము మన గడపకే వచ్చిన సంవత్సర మది. ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముతోఁ బాటు కాకినాడపైఁ గూడ బాంబులు వేసినవి.

పంజాబువారి కదృష్టముండెను. మొదటి యుద్ధానంతరము గ్రామగ్రామమునకు వ్రాయఁబడిన సైనికుల పట్టికలు, మూఁడు లక్షల యిరువదివేల పేర్లతో, లాహోరు మ్యూజియమున నిలిచియుండెను. వానిని అంతర్జాలమున కెక్కించుట 2021లో నారంభమైనది. శతాబ్దము దాఁటిన పిదప మునిమనుమలు ముత్తాతలను గనుఁగొనుచున్నారు. మనకును అట్టిది కావలెనన్నచో గ్రామములే పూనుకొనవలెను.

పేరు దొరకఁగానే సంతోషించి నిలువరాదు. పేరొక్కటి కలసినంతమాత్రమున తండ్రి దొరకెననుట హేత్వాభాసము. తండ్రిపేరు, ఊరు, దళము, కాలము అను నాలుగింటిలో మూఁడైనను గలసిననే సిద్ధాంతము చేయఁదగును. వయస్సును గొప్ప ప్రమాణముగాఁ గొనరాదు. హెచ్చువయస్సు చెప్పి చేరిన బాలురు కలరు. తండ్రి శౌర్యకథ పత్రముతో విరోధించినచో రెంటిని వ్రాసి యుంచవలెనే కాని, ప్రియమైనదానిని నిలిపి రెండవదానిని దాఁచరాదు. వంటవాఁడుగానో, బండితోలువాఁడుగానో సేవచేసెనని తేలిన సిగ్గుపడ నక్కఱలేదు. సైన్యము నడచినది వారివలననే.

రెండవ యుద్ధమునకుఁ బోయినవారు దాదాపుగా నందఱును గతించిరి. వారి బిడ్డలే యిప్పుడు వృద్ధులు. పత్రములు ఢిల్లీలోను లండనులోను భద్రముగా నున్నవి. అవి పదియేండ్ల పిదపను ఉండును. ఇంటిపేరు, పిలుపుపేరు, ఉత్తరము వచ్చిన యూరు, తంతి వచ్చిన దినము ఎఱిఁగిన ముదుసలి యాఁడువారి జ్ఞాపకము మాత్ర మట్లుండదు. కనుక పరిశోధన మచ్చట నారంభింపవలెను. అంతర్జాలము తరువాతఁ జూడవచ్చును. ప్రతిగ్రామమునందును ఒక పుస్తకము దెఱచి, పోయినవాని నిండుపేరును, తండ్రిపేరును, ఇంటిపేరును తెలుఁగులిపిలో, తకార టకారములు చెడకుండ వ్రాయుదురుగాక. సంఖ్యను దానిప్రక్క నెప్పుడైనను జేర్పవచ్చును. పేరు పోయిన పిదప సంఖ్య దొరకినను అది యెవ్వరిదో చెప్పువా రుండరు.