ఈస్టర్న్ కొలంబియా భవనం

ఈస్టర్న్ కొలంబియా భవనం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజలెస్ నగర కేంద్రభాగంలో ఉన్న ఒక చారిత్రక భవనం. బ్రాడ్‌వే వీధి, తొమ్మిదో వీధి కలిసే కూడలి వద్ద ఉన్న ఈ పదమూడు అంతస్తుల కట్టడం 1930లో దుకాణ భవనంగా ప్రారంభమైంది. తరువాత కార్యాలయాలకు నెలవై, 2006లో 147 విలాసవంతమైన లాఫ్టు నివాసాలుగా మార్చబడింది. దీని రూపశిల్పి క్లాడ్ బీల్‌మన్. నగరంలో మిగిలి ఉన్న ఆర్ట్ డెకో శైలి కట్టడాలలో దీనిని ముఖ్యమైనదిగా భావిస్తారు.

చరిత్ర

పోలండు నుండి వలస వచ్చిన అడాల్ఫ్ సియరోటీ లాస్ ఏంజలెస్‌లో 1892లో ఒక చిన్న గడియారాల దుకాణంతో వ్యాపారం ప్రారంభించాడు. ఆ వ్యాపారమే క్రమంగా పెరిగి ఈస్టర్న్ ఔట్‌ఫిట్టింగ్ కంపెనీ, కొలంబియా ఔట్‌ఫిట్టింగ్ కంపెనీ అనే రెండు సంస్థలుగా విస్తరించింది. గృహోపకరణాలు, దుస్తులు అమ్మే ఈ రెండు దుకాణాలను ఒకే కప్పు కిందకు తేవడానికి ఈ భవనాన్ని తలపెట్టారు. రెండు సంస్థల పేర్లు కలిసి భవనానికి పేరయ్యాయి.

నిర్మాణం సుమారు తొమ్మిది నెలలలో పూర్తయింది. 1930 సెప్టెంబరు 12న భవనాన్ని ప్రారంభించారు. అప్పటికి ఆర్థిక మాంద్యం మొదలై ఏడాది కావస్తున్నది. ఆనాటి బ్రాడ్‌వే వీధి నగరానికి ప్రధాన వాణిజ్య వీధి. పెద్ద దుకాణాలు, సినిమా థియేటర్లు బారులు తీరి ఉండేవి. 1926లో ప్రారంభమైన ఆర్ఫియం థియేటరు ఈ భవనానికి దాదాపు ఎదురుగానే ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రహదారులు, మోటారు కార్లు పెరిగి జనం శివారు ప్రాంతాలకు తరలిపోయారు. వారి వెంటే వ్యాపారమూ తరలింది. 1950ల చివరికి ఈ భవనంలో దుకాణాలు మూతపడగా, అంతస్తులను కార్యాలయాలకు అద్దెకిచ్చారు. తరువాతి దశాబ్దాలలో బ్రాడ్‌వే వీధిలోని అనేక పాత భవనాలలో కింది అంతస్తు దుకాణాలు రద్దీగా ఉన్నా, పై అంతస్తులు ఖాళీగానో, గిడ్డంగులుగానో మిగిలిపోయాయి.

నిర్మాణ శైలి

ఆర్ట్ డెకో అనేది 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన నుండి పేరు పొందిన శైలి. నిలువు గీతలు, జ్యామితీయ ఆకృతులు, మెరిసే రంగులు దీని ప్రధాన లక్షణాలు. ఈ మూడూ ఈస్టర్న్ కొలంబియా భవనంలో స్పష్టంగా కనిపిస్తాయి.

భవనపు అస్థిపంజరం ఉక్కు చువ్వలతో బలపరచిన కాంక్రీటు. దానిపై టెర్రకోట పలకలు తాపడం చేశారు. టెర్రకోట అంటే కాల్చిన మట్టి. పైన రంగుల గాజుపూత పూసి మరల కాల్చడం వలన పలకలకు మెరుపు వస్తుంది, వాననీరు లోపలికి ఇంకదు. ఇక్కడి పలకల ప్రధాన వర్ణం పాలపిట్ట రెక్కలను తలపించే నీలి ఆకుపచ్చ. అంచులకు ముదురు నీలం, బంగారు వన్నెలు వాడారు. సూర్యకిరణాలు, వంకీలు, బాణపు మొనలు, లతలు మొదలైన ఆకృతులు గోడల మీద కనిపిస్తాయి. బ్రాడ్‌వే వైపు రెండంతస్తుల ఎత్తు గల ప్రవేశ మంటపంలో నీలం, బంగారు వర్ణాల సూర్యకిరణాల అలంకరణ ఉన్నది. భవనం ముందరి కాలిబాట సైతం రంగురంగుల వంకీలతో టెరాజో పద్ధతిలో వేయబడింది.

గడియార గోపురం

భవనం మీద నాలుగు వైపులా గడియారాలు గల గోపురం ఉన్నది. గడియారాల పైన నియాన్ దీపాలతో ఈస్టర్న్ అనే పేరు వెలుగుతుంది. గోపుర శిఖరాన పొగగొట్టం, దాని చుట్టూ నాలుగు ఆనుడు కమానులు ఉన్నాయి.

ఆ కాలంలో లాస్ ఏంజలెస్‌లో భవనాల ఎత్తు 150 అడుగులకు మించరాదనే నిబంధన ఉండేది. నగర పాలక భవనానికి ప్రత్యేక మినహాయింపు లభించింది. సాధారణ భవనాలలో మనుషులు ఉపయోగించని అలంకార గోపురాలకు మాత్రమే ఈ పరిమితి వర్తించదు. ఈ వెసులుబాటును వినియోగించుకొనే ఈస్టర్న్ కొలంబియా భవనం 264 అడుగుల ఎత్తుకు చేరింది. గోపురం వాణిజ్య ప్రకటనగానూ, దూరం నుండే గుర్తు పట్టగల చిహ్నంగానూ ఉపయోగపడింది.

లాఫ్టులుగా మార్పు

లాఫ్టు అంటే మొదట గిడ్డంగి లేదా కర్మాగారపు పై అంతస్తు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, అడ్డుగోడలు లేని విశాలమైన గది దీని లక్షణాలు. 1960, 70 దశకాలలో న్యూయార్కు నగరంలోని సోహో ప్రాంతంలో తక్కువ అద్దెకు వస్తాయని చిత్రకారులు ఇటువంటి గదులలో నివసించసాగారు. క్రమంగా ఆ జీవనశైలికి ఆదరణ పెరిగి, సంపన్నుల నివాసంగా మారింది.

లాస్ ఏంజలెస్ నగరం 1999లో పాత భవనాల పునర్వినియోగానికి ఒక ప్రత్యేక శాసనం చేసింది. అంతకుముందు పాత వాణిజ్య భవనాన్ని ఇళ్ళుగా మార్చాలంటే కొత్త కట్టడాలకు వర్తించే నిబంధనలన్నీ పాటించవలసి వచ్చేది. ముఖ్యంగా ప్రతి ఇంటికీ కారు నిలిపే చోటు చూపడం పాత భవనాలలో సాధ్యమయ్యేది కాదు. కొత్త శాసనం ఈ నిబంధనను సడలించింది. అగ్నిప్రమాదాల నుండి, భూకంపాల నుండి రక్షణకు తగిన ఏర్పాట్లను మాత్రం తప్పనిసరిగా ఉంచింది. దీని ఫలితంగా నగర కేంద్రంలో దశాబ్దాలుగా ఖాళీగా ఉన్న భవనాలలోకి జనం తిరిగి వచ్చారు.

ఈ అవకాశంతో కోర్ గ్రూపు అనే సంస్థ ఈస్టర్న్ కొలంబియా భవనాన్ని నివాసాలుగా మార్చింది. ఈ పనికి కిలెఫర్ ఫ్లామాంగ్ సంస్థ వాస్తుశిల్పులుగా వ్యవహరించగా, లోపలి అలంకరణను కెల్లీ వేర్‌స్ట్లర్ రూపొందించింది. గోపురం పాదం వద్ద ఈత కొలను నిర్మించారు. కింది అంతస్తును దుకాణాలకే ఉంచారు. సినీ నటుడు జానీ డెప్ కొంతకాలం ఇక్కడి ఐదు పై అంతస్తు నివాసాలకు యజమానిగా ఉన్నాడు.

యాజమాన్యం, పరిరక్షణ

ఇది కాండొమినియం పద్ధతిలో ఉన్నది. అంటే ప్రతి ఇంటికీ వేరువేరు యజమాని ఉంటారు. మెట్లు, లిఫ్టులు, పైకప్పు, వెలుపలి గోడలు వంటివి అందరికీ ఉమ్మడి ఆస్తి. వాటి నిర్వహణకు యజమానుల సంఘం నెలనెలా రుసుము వసూలు చేస్తుంది. ఆ విధంగా ఒకనాడు ఒకే కుటుంబం కట్టించిన టెర్రకోట గోడల, గడియారాల బాధ్యత నేడు అనేకమంది మీద ఉన్నది.

1985లో నగరం ఈ భవనాన్ని 294వ చారిత్రక, సాంస్కృతిక చిహ్నంగా ప్రకటించింది. కాలిఫోర్నియాలో 1972 నుండి అమలులో ఉన్న మిల్స్ చట్టం కింద చారిత్రక భవనాన్ని కాపాడతామని ఒప్పందం చేసుకొన్న యజమానులకు ఆస్తి పన్నులో తగ్గింపు లభిస్తుంది. ఈ భవనంలోని యజమానులకు ఆ సౌకర్యం ఉన్నది.

ప్రాముఖ్యత

ఈస్టర్న్ కొలంబియా భవనానికి సమకాలికమైన రిచ్‌ఫీల్డ్ గోపురం 1929లో నలుపు, బంగారు వన్నెల టెర్రకోటతో నిర్మించబడింది. చమురు సంస్థకు మరింత పెద్ద కార్యాలయం అవసరమై దానిని 1969లో కూల్చివేశారు. ఈ రెండు భవనాల చరిత్రను పోల్చి చూస్తే, కట్టడం నిలవడానికి అందం ఒక్కటే చాలదని, కాలానికి తగిన ఉపయోగం కూడా ఉండాలని తెలుస్తుంది.

అయితే ఈ పరిరక్షణకు మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1930లో ఎవరైనా అడుగుపెట్టగలిగిన దుకాణపు అంతస్తులు నేడు యజమానులకు, వారి అతిథులకు మాత్రమే పరిమితం. ఇల్లు లేనివారు అధికంగా ఉండే స్కిడ్ రో ప్రాంతం ఇక్కడికి కొద్ది వీధుల దూరంలోనే ఉన్నది. పాత భవనాలను బతికించిన ఇటువంటి మార్పులు నగర కేంద్రంలో ఇళ్ళ ధరలను పెంచి, సామాన్యులను దూరం చేశాయన్న విమర్శ కూడా ఉన్నది. ఏదేమైనా గోపురం మీది గడియారాలు మాత్రం వీధిలో నడిచే ప్రతివారికీ నాలుగు దిక్కులా సమయం చూపుతూనే ఉన్నాయి.