పాడినవాళ్లూ, తోడు వెళ్లినవాళ్లూ

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికకి సంగీత బృందం గురించి రాయమని సంపాదక వర్గం అడిగింది. పాట నేర్పిన మాష్టార్ల గురించీ, గెలిచిన కప్పుల గురించీ రాయడానికి నాకంటే తగినవాళ్లున్నారు. నేను తోడు వెళ్లినవాళ్ల గురించి రాస్తానన్నాను. నేను సైన్సు టీచరుని, సరళీస్వరాలు దాటి సంగీతం నేర్చుకోలేదు. బృందం హైదరాబాదు బయల్దేరినప్పుడల్లా ఆడపిల్లలకి ఒక టీచరమ్మ తోడుండాలి కాబట్టి నన్ను పంపేవారు. అలా వెళ్లిన ప్రయాణాల్లో నాకు అర్థమైనదొకటుంది: ఈ బృందం ఇన్నేళ్లు నిలబడిందంటే అందులో సగం పుణ్యం, వేదిక ఎక్కకుండా పక్కన నీళ్ల ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డవాళ్లది.

విజయనగరంలో సంగీతం మొదట్నించీ పిల్లల ఆలనాపాలనాతో ముడిపడే ఉంది. 1919లో విజయరామ గజపతి మహారాజు ఇక్కడ గాన పాఠశాల పెట్టడానికి కారణం కోటలో కొలువు చేసే ఒక ఉద్యోగి కొడుకు, కళ్లు కనిపించని పిల్లవాడు. ఆ ఒక్కడికి సంగీతం చెప్పించాలని మొదలైన ఆలోచన ఊరంతటికీ పాఠశాల అయింది. తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఆయనకీ చూపు మందమే. ఘంటసాల ఈ ఊరు వచ్చి, జోలె పట్టి మధూకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా పుచ్చుకోకుండా ఆయనకి పాఠం చెప్పారు. అన్నం పెట్టిన ఇల్లాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. ఘంటసాల గురించి చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే.

మన బడికి సంగీతం మాష్టార్లందరూ ఆ గాన పాఠశాల నుంచే వచ్చారు. సాయంత్రం బడి వదిలాక పిల్లల్ని కూర్చోబెట్టి బృందగానం నేర్పేవారు. విశాఖ రేడియో దాకా వెళ్లి రావడం మనవాళ్లకి పెద్ద పని కాదు, పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరొచ్చు. హైదరాబాదు అలా కాదు. రెండు రాత్రులు రైల్లో, ఒక రాత్రి పరాయి ఊళ్లో. పదేళ్ల పిల్లని అమ్మానాన్నలు మన చేతికి అప్పగించాలి.

వాళ్లు ఊరికే అప్పగించరు. బయల్దేరే ముందు వారం రోజులు మా ఇంటి ముందు తల్లులే. ఒకావిడ, "టీచరమ్మా, మా గుంట నిద్దర్లో దుప్పటి తన్నేస్తాది, కాస్త సూడండి" అంది. ఇంకొకావిడ, "మా పిల్లకి బస్సు పడదమ్మా, కిటికీ పక్కన కూకోబెట్టండి, నిమ్మకాయ సంచిలో ఎట్టాను" అంది. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఎవరికి పెరుగు పడదు, ఎవరు చీకటికి భయపడతారు, ఎవరికి ఆ నెల్లో కొత్తగా ఇబ్బంది మొదలైంది, ఏ ఇంటికి ఫోను లేదు కాబట్టి పక్కింటి నంబరు ఏది. సంగీతం మాష్టారి పుస్తకంలో స్వరాలుంటే నా పుస్తకంలో ఇవి. కన్సెషన్ ఫారం మీద హెడ్మాష్టరుగారి సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్లో గంటలకొద్దీ నిలబడి బెర్తులు ఒక్కచోట పడేలా బతిమాలుకొచ్చేది మా గుమాస్తాగారు. ఆయన ఒక్కసారి కూడా హైదరాబాదు రాలేదు.

విశాఖ దాకా పాసింజరు, అక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్. ఆడపిల్లలకి కింది బెర్తులు, మధ్య బెర్తులు. మగపిల్లలు పైన. వాద్యాలకి ఎప్పుడూ ఒక కింది బెర్తు మూల. మృదంగం మీద ఎవరూ కూర్చోకూడదు, తంబురా మీద సంచి పడకూడదు, వయొలిన్ పెట్టెకి ఎండ తగలకూడదు. రాజమండ్రి దాటగానే గోదావరి వంతెన. చిల్లర నీళ్లలో వెయ్యాలని పిల్లలంతా తలుపు దగ్గరికి ఎగబడతారు. అక్కడికి పది నిమిషాల ముందే డ్రిల్లు మాష్టారు ఒక తలుపుకి, నేను ఒక తలుపుకి అడ్డంగా నిలబడేవాళ్లం. కిటికీలోంచి వేసుకోండర్రా అనేవాళ్లం. వంతెన అయిపోయాక పులిహోర పొట్లాలు విప్పి, అందరూ తిన్నారని చూసుకుని, తలలు లెక్కపెట్టుకుని అప్పుడు మేం తినేవాళ్లం.

తెల్లారి నాంపల్లిలో దిగితే మాకు కావలసిన హైదరాబాదు చాలా దగ్గర. పబ్లిక్ గార్డెన్స్, అందులో బాలభవన్, అసెంబ్లీ, ఆకాశవాణి, రవీంద్రభారతి, అన్నీ ఒక్క నడకలో వస్తాయి. రవీంద్రభారతి 1961లో, ఠాగూరు శతజయంతి ఏడాది తెరిచారు. ఆకాశవాణి అంటే మన తరానికి బాలానందమే. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసులో ఆ కార్యక్రమం నడిపి, తర్వాత హైదరాబాదు వచ్చారు. పిల్లల గొంతుని మైకు ముందు పెట్టి, ఇంటింటా పెద్దవాళ్లు చెవి ఒగ్గి వినేలా చేసినవాళ్లు వాళ్లు. ఆ రోజుల్లో రేడియోలో పాడిన పిల్లకి ఊళ్లో ఉండే మర్యాద ఇప్పటివాళ్లకి చెప్పినా ఊహకి అందదు.

స్టూడియోలో మా పని గాజులతో మొదలయ్యేది. లోపలున్న మైకు గాజుల చప్పుడు కూడా పట్టేస్తుంది, తాళం వేసే చేతికి గాజులుంటే పాటంతా గలగలే. అందుకని గుమ్మం దగ్గరే ఒక్కొక్క పిల్ల చేతికి కాస్త కొబ్బరి నూనె రాసి, మట్టి గాజులు చిట్లకుండా తీసి, ఆ పిల్ల రుమాలులోనే మూటగట్టి, మూట మీద చీటీ గుచ్చేదాన్ని. పట్టీలు విప్పించేదాన్ని. కొత్త పట్టు పరికిణీలు రెపరెపలాడతాయని రికార్డింగు రోజున నూలు బట్టలే వేయించేవాళ్లం. దగ్గొచ్చే పిల్లకి మిరియం, పటికబెల్లం బుగ్గన పెట్టేదాన్ని. ఎర్రదీపం వెలిగాక అద్దం అవతల కూర్చుని, గాజుల మూటలు ఒళ్లో పెట్టుకుని వినేదాన్ని. దీపం ఆరగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి అడిగేది పాట ఎలా ఉందని కాదు, "టీచర్, నా గాజులేవీ?" అని.

హాలు సంగతి వేరు. ఎండన పడి వచ్చి ఏసీ హాల్లోకి వెళ్లగానే మృదంగం తోలు సద్దుకోవడం మొదలెడుతుంది, వయొలిన్ తంతులు కదిలిపోతాయి. బయట చేసుకున్న శ్రుతి లోపల పనికిరాదు. కనీసం అరగంట ముందు వాద్యాల్ని లోపల పెట్టాలని మృదంగం మాష్టారు మొత్తుకునేవారు. నిర్వాహకులేమో మీ వంతు వచ్చాకే లోపలికి రండనేవారు. వాళ్లతో మాట్లాడి ఒప్పించడం మా అటెండరు పని. ఎవరితోనూ గొంతు పెంచేవాడు కాదు. మృదంగాన్ని రెండు చేతులా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "బాబూ, పసిపిల్లలు, ఎంతో దూరంనించి వచ్చారు" అనేవాడు. తలుపు తెరుచుకునేది. తొప్పికి పెట్టే రవ్వముద్ద కలపడానికి నీళ్లెక్కడ దొరుకుతాయో రవీంద్రభారతి వెనకాల అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

ఇక్కడ ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతి, అనుపల్లవి ఎత్తుకునేది వాడే. బయల్దేరడానికి ఇంకా కొద్దిరోజులుందనగా పైషడ్జం దగ్గర గొంతు విరిగింది. ఆ వయసులో మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంతులు పొడుగై మందమవుతాయి, స్థాయి ఇంచుమించు ఒక అష్టకం కిందికి దిగిపోతుంది. బయాలజీ పాఠంలో నేనే చెప్పాను. కళ్ల ముందు జరిగితే ఆ పాఠం ఎవరికీ ఓదార్పు కాదు. మిగతా అందరూ ఆడపిల్లలు, ఐదు శ్రుతి వాళ్లకి సుఖం, వీడి కోసం దించడానికి లేదు. పిల్లవాడు డ్రిల్లు మాష్టారి దగ్గరికెళ్లి, "నేను రాను మాష్టారూ, అందరూ నవ్వుతారు" అన్నాడు.

"ఎవర్రా నవ్వేది? మా తమ్ముడికీ ఇలాగే పోయింది, మళ్లీ వచ్చింది. నువ్వు లేకపోతే తాళం ఎవడు చూస్తాడు? రా, నా బెర్తు పక్కనే పడుకుందువు గాని."

సంగీతం మాష్టారు ఆ రాత్రే అమరిక మార్చారు. పల్లవి వచ్చినప్పుడల్లా వాడు కింది స్థాయిలో అందుకోవాలి, మిగతా సేపు తాళం. పై స్థాయిలో ఆడపిల్లలు, కింద ఒక్క మగ గొంతు. ఆ పాటకి అంత నిండుదనం మా బృందంలో అంతకుముందు నేను వినలేదు. ఆ తర్వాత మగపిల్లల గొంతు మారితే బృందం నుంచి తీసేసే పద్ధతి మన బడిలో పోయింది. ఇది మన పాఠశాల సంగీత చరిత్రలో పెద్ద మలుపని నేను గట్టిగా నమ్ముతాను. దానికి కారకుడు స్వరం తెలియని డ్రిల్లు మాష్టారు. ఆ కుర్రాడు ఇప్పుడు పైడితల్లమ్మ పండక్కి భజన బృందంలో పాడుతున్నాడు, గంభీరమైన గొంతు.

2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగిన అన్నమాచార్య లక్షగళార్చనకి వెళ్లడం మాకు అన్నిటికన్నా కష్టమైన ప్రయాణం. సప్తగిరి సంకీర్తనలు లక్షన్నరకి పైగా గొంతులు ఒక్కసారి పాడాయి, గిన్నిస్‌కెక్కింది. మే ఎండ. అంత జనంలో ఒక్క పిల్ల చెయ్యి వదిలితే వెతకడం ఎలా? ప్రతి పిల్ల మెడలో ఊరు, ఫోను నంబరు రాసిన కార్డు వేశాం, అందరికీ ఒకే రంగు రిబ్బను కట్టాం, ఇద్దరేసి జతలుగా కూర్చోబెట్టాం. మజ్జిగ, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు మోసుకెళ్లాం. సైన్సు టీచరుగా నేను ఉపయోగపడింది ఒక్కచోటే. అంత పెద్ద మైదానంలో దూరపు లౌడుస్పీకరు పాట ఆలస్యంగా చెవికి చేరుతుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కదా, వంద మీటర్ల అవతలి గొంతు మనల్ని చేరేసరికి సెకనులో దాదాపు మూడో వంతు గడిచిపోతుంది, ద్రుతకాలంలో అది ఒక అక్షరం తేడా. "దగ్గరున్న స్పీకరునే వినండి, చూపు మాష్టారి చెయ్యి మీద ఉంచండి, వెనకనుంచి వచ్చేది పట్టించుకోకండి" అని ముందురోజు రాత్రే చెప్పాను. పిల్లలు తాళం తప్పలేదు.

సంగీతం గది గోడ మీద పాట నేర్పిన మాష్టార్ల పేర్లున్న చెక్క పలక ఉంది. దాని పక్కన ఇంకో పలక పెట్టాలని నేను కోరాను, హెడ్మాష్టరుగారు సరేనన్నారు. డ్రిల్లు మాష్టారు, గుమాస్తాగారు, అటెండరు, పులిహోర కట్టిచ్చిన తల్లులు, సెలవు పెట్టి మాతో వచ్చిన ఒక నర్సమ్మ, దిగిన ఊళ్లో రాత్రికి ఇల్లు తెరిచిన పూర్వ విద్యార్థులు, ఇంతమంది పేర్లు చేరాలి. నోటుపుస్తకాలు తిరగేసి నాకు దొరికినవన్నీ రాశాను. ఒక్క పేరు మాత్రం దొరకలేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాడి తిరిగి వస్తున్నప్పుడు ఒక పిల్ల వయొలిన్ అద్దె వ్యానులో ఉండిపోయింది. అది ఆ ఇంట్లో తాకట్టు విడిపించి తెచ్చిన వయొలిన్. రైలు కదలడానికి కాస్త ముందు ఆ డ్రైవరు నాంపల్లి ప్లాట్‌ఫాం మీద పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి పెట్టె అందించాడు. డబ్బిద్దామంటే చెయ్యి ఊపేసి వెళ్లిపోయాడు. ఆ ఏడాది బృందంలో ఉన్నవాళ్లెవరికైనా అతని పేరు గుర్తుంటే స్టాఫ్‌రూములో పెట్టిన పుస్తకంలో రాయండి. పలకకి రంగు వేసేవాడు వచ్చే నెల వస్తాడు.