కార్లైల్ పాఠశాల మేటి ఆటగాళ్ళు

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ చరిత్ర వ్రాసేవారెవరైనా ఒక పాఠశాల పేరు చెప్పకుండా ముందుకు సాగలేరు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పట్టణంలో 1879లో స్థాపింపబడి 1918లో మూతపడిన ఆదివాసీ వృత్తివిద్యా పాఠశాల అది. నిజానికి కళాశాల కాదు. అక్కడి చదువు మన ఉన్నత పాఠశాల స్థాయిని మించేది కాదు. అయినా హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల జట్లతో తలపడింది. మొత్తం మీద 167 పోటీలు గెలిచి, 88 ఓడి, 13 సమంగా ముగించింది. అంత దూరదేశపు ఆటగాళ్ళ చరిత్ర మన ప్లాటినం జూబిలీ సంచికలో ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఆ బడిలో పిల్లలు తమ తల్లిభాషలో మాట్లాడడం నేరం. మన బడి పుట్టిందే పిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పడానికి. ఆ ఒక్క కారణం చాలునని భావించి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

ముందుగా ఆటను గురించి ఒక మాట. ఇది సాయంకాలం మన మైదానంలో పిల్లలు ఆడే ఫుట్‌బాల్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చేత పట్టుకొని, అడ్డువచ్చిన వారిని త్రోసికొంటూ పరుగెత్తి ఎదుటివారి గీత దాటించాలి, అదే టచ్‌డౌన్. నిలువు కంబాల నడుమ నుండి బంతిని తన్నినా పాయింట్లు లభిస్తాయి. అది ఫీల్డ్ గోల్. ఆ రోజులలో ఒంటికి సరియైన రక్షణ ఉండేది కాదు. ఆటలో మరణాలు సంభవించడంతో 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా కొన్ని విశ్వవిద్యాలయాల ప్రతినిధులను పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం నియమాలు మారి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి లభించింది. ఈ మార్పు కార్లైల్ పిల్లలకు వరమైంది. ఆ సంగతి తరువాత.

పాఠశాల స్థాపకుడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ సైనికాధికారి. మన పాత పాఠ్యపుస్తకాలు రెడ్ ఇండియన్లని వ్యవహరించిన అమెరికా ఆదివాసుల బిడ్డలను తల్లిదండ్రులకు, తెగలకు దూరంగా తెచ్చి, వారిలోని ఆదివాసిని చంపి మనిషిని మాత్రం మిగల్చాలన్నది ఆయన సిద్ధాంతం. 1892లో ఒక సభలో ఇంచుమించు ఈ మాటలతోనే దానిని ప్రకటించాడు. ఖాళీగా ఉన్న సైనికుల బారకాసులే బడి అయినాయి. వచ్చిన పిల్లలకు మొదటి పాఠం కత్తెరతో. లకోటా తెగవారిలో ఆప్తులు మరణించినపుడు జుట్టు కత్తిరించుకోవడం ఆచారం. ఆ బడిలో తొలిసారి జుట్టు తీయించిన రాత్రి పిల్లలు చావు ఇంటిలో వలె శోకాలు పెట్టారు.

పిదప పేరు మార్చడం. తొలి బృందంలో వచ్చిన లకోటా బాలుడొకడు పెద్దవాడై లూథర్ స్టాండింగ్ బేర్ పేరుతో రచయిత అయినాడు. నల్లబల్ల మీద ఏవో గీతలు వ్రాసి, చేతికి బెత్తమిచ్చి ఒకదానిని చూపమన్నారనీ, తాను చూపినదే లూథర్ అనే పేరనీ ఆయన తన జ్ఞాపకాలలో చెప్పికొన్నాడు. బోధనావృత్తిలో జీవితమంతా నల్లబల్ల దగ్గర గడిపినదానను. దానిని అట్లా కూడ వాడవచ్చునని నాకెన్నడూ తోచలేదు. ఆ బడిలో సగం దినం చదువు, సగం దినం పని. వేసవిలో కొందరు బాలురను పొలాలకు, బాలికలను శ్వేతజాతీయుల ఇళ్ళలో పనికి పంపేవారు. మన దేశంలో 1956లో చేర్చిన రాజ్యాంగ 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించవలెనని ప్రతి రాష్ట్రానికీ చెప్పుతున్నది. దాని విలువ ఇటువంటి చరిత్ర చదివినపుడు తెలిసి వస్తుంది.

ఇటువంటి చోట ఫుట్‌బాల్ ఎట్లా మొలకెత్తిందో చెప్పాలి. 1890లో పట్టణంలోని డికిన్‌సన్ కళాశాలతో ఆడుతూ ఒక విద్యార్థి కాలు విరుగగొట్టుకొన్నాడు. ప్రాట్ వెంటనే బయటి జట్లతో పోటీలను మాన్పించాడు. కొంతకాలానికి నలభైమంది వరకు బాలురు ఆయన గదికి వచ్చి తిరిగి ఆడనివ్వవలసిందని వేడుకొన్నారు. వారి వాదనాపటిమకు మెచ్చి ఆయన రెండు షరతులతో ఒప్పుకొన్నాడు. ఎదుటివాడు కొట్టినా తిరిగి కొట్టరాదు. కొద్ది సంవత్సరాలలో దేశంలోని అతిపెద్ద జట్టును ఓడించి తీరాలి. మొదటి షరతులో దూరదృష్టి ఉన్నది. ఆదివాసి ఒక్కసారి చేయెత్తితే పత్రికలు అనాగరికుడని వ్రాయడానికి సిద్ధంగా ఉండేవి.

1896లో వారు ప్రిన్‌స్టన్, యేల్, హార్వర్డ్, పెన్సిల్వేనియా జట్లను వరుసగా ఎదుర్కొన్నారు. నాలుగింటిలోనూ ఓడినా, యేల్‌తో పోటీ మాత్రం ప్రేక్షకులకు చాలకాలం గుర్తున్నది. కార్లైల్ బాలుడొకడు పరుగెత్తి సాధించిన టచ్‌డౌన్ చెల్లదని రిఫరీ తీర్పు చెప్పాడు. ఆ రిఫరీ యేల్ పూర్వవిద్యార్థి. విచిత్రమేమంటే ఆ సంవత్సరం కార్లైల్ జట్టు శిక్షకుడు కూడ ఆయనే. 12-6తో యేల్ గెలిచింది. ఆ తొలి తరంలో సెనెకా తెగకు చెందిన భారీకాయుడు బీమస్ పియర్స్ నాయకుడిగా పేరుపొందాడు. 1899లో వాల్టర్ క్యాంప్ ప్రకటించిన అఖిల అమెరికా ప్రథమ జట్టులో చోటు సంపాదించిన ఐజాక్ సెనెకా, ఆ గౌరవం పొందిన మొదటి ఆదివాసి.

ఆ సంవత్సరమే గ్లెన్ వార్నర్ శిక్షకుడుగా వచ్చాడు. అందరూ ‘పాప్’ వార్నర్ అనేవారు. పన్నాగాలలో ఆయనకు సాటి లేరు. 1903లో హార్వర్డ్‌తో ఆడిన పోటీలో, తన్నిన బంతిని అందుకొన్న జిమ్మీ జాన్‌సన్ చుట్టూ జట్టంతా గుమిగూడింది. ఆ గుంపు చాటున అతడు బంతిని చార్లెస్ డిల్లన్ చొక్కా వెనుకభాగంలోకి దూర్చాడు. జారిపోకుండ చొక్కా అంచుకు ఎలాస్టిక్ ముందే కుట్టించి ఉంచారు. గుంపు విడిపోయింది. హార్వర్డ్ వారు బంతి ఎవరి దగ్గరున్నదో తెలియక వెదకుతుంటే డిల్లన్ రెండు చేతులూ ఊపుకొంటూ మైదానమంతా పరుగెత్తి గీత దాటాడు. చివరకు 12-11తో హార్వర్డే గెలిచింది కాని, మరునాడు జనం చెప్పుకొన్నది ఓడినవారిని గురించి. జాన్‌సన్ తరువాత దంతవైద్యం చదివి ప్యూర్టో రికోలో వైద్యుడుగా స్థిరపడ్డాడు.

ఆట విషయానికే వస్తే నాకు 1907 జట్టు మీద మక్కువ ఎక్కువ. కార్లైల్ పిల్లలు విశ్వవిద్యాలయాల యువకులంత బరువైనవారు కారు. బంతిని విసరవచ్చునన్న కొత్త నియమాన్ని పెద్ద జట్లు చిన్నచూపు చూశాయి. వీరు దానినే ఆయుధంగా చేసికొన్నారు. విసరడంలో టస్కరోరా తెగవాడు ఫ్రాంక్ మౌంట్ ప్లెజంట్, పీట్ హౌసర్ సిద్ధహస్తులు. అందుకోవడంలో ఆల్బర్ట్ ఎగ్జెండైన్ దిట్ట. కార్లైల్‌కు రాకముందు అతడు ఫుట్‌బాల్ ఆడి ఎరుగడు. ఆ సంవత్సరం పెన్సిల్వేనియాను 26-6తోను, హార్వర్డ్‌ను 23-15తోను ఓడించారు. హార్వర్డ్ మీద గెలవడం అదే మొదటిసారి. షికాగో జట్టు ఎగ్జెండైన్‌ను ప్రతిసారీ అటకాయిస్తున్నది. అతడు మైదానం గీత దాటి బయటికి పోయి, జట్టు బల్లల వెనుకగా చుట్టివచ్చి, మళ్ళీ లోపలికి దూకి హౌసర్ విసరిన బంతిని అందుకొన్నాడు. అది కూడదని చెప్పే నియమం అప్పటికి లేదు. 18-4తో గెలిచారు. మౌంట్ ప్లెజంట్ 1908 లండన్ ఒలింపిక్స్‌లో దూరపు దూకుడులో పాల్గొని, డికిన్‌సన్ కళాశాలలో పట్టం పుచ్చుకొన్నాడు. ఎగ్జెండైన్ న్యాయశాస్త్రం చదివి న్యాయవాదిగాను, శిక్షకుడిగాను రాణించాడు.

ఇక జిమ్ థార్ప్. మేటి ఆటగాడెవరని అడిగితే నూటికి తొంబదిమంది చెప్పే పేరు ఇదే. సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన ఈ బాలుడు 1904లో కార్లైల్ చేరాడు. కవలసోదరుణ్ణి చిన్ననాడే పోగొట్టుకొన్నాడు. తల్లి, తండ్రి కూడ త్వరలోనే గతించారు. 1907లో ఒకనాడు మైదానం ప్రక్కగా పోతూ, ఎత్తు దూకుడు అభ్యసిస్తున్న వారికి అందని కర్రను పనిబట్టలతోనే అవలీలగా దాటాడు. అట్లా వార్నర్ కంట పడ్డాడు. 1911లో గాయపడిన కాలితోనే నాలుగు ఫీల్డ్ గోల్స్ చేసి 18-15తో హార్వర్డ్ ఓటమికి కారకుడైనాడు. 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోను స్వర్ణపతకాలు గెలిచాడు. కార్లైల్ విద్యార్థియే అయిన హోపి తెగవాడు లూయిస్ తెవానిమా అక్కడే 10,000 మీటర్ల పరుగులో రజతం పొందాడు.

తిరిగి వచ్చిన పిదప ఆ సంవత్సరం నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలతో పోటీ జరిగింది. అప్పటికి 22 ఏండ్ల క్రితం, 1890లో, వూండెడ్ నీ వద్ద లకోటా స్త్రీలను, పసివారిని సైతం కాల్చి చంపింది అమెరికా సైన్యమే. ఆ సైన్యానికి కాబోయే అధికారులను ఈ పిల్లలు ఆటలో ఎదుర్కొన్నారు. 27-6తో గెలిచారు. అలెక్స్ ఆర్కాసా మూడు టచ్‌డౌన్లు చేశాడు. థార్ప్‌ను అడ్డుకోవడానికి విఫలయత్నం చేసినవారిలో డ్వైట్ ఐసెన్‌హోవర్ ఒకడు. 1953లో ఆయన అమెరికా అధ్యక్షుడైనాడు.

మూడు నెలలైనా గడవకముందే థార్ప్ దశ తిరిగింది. 1909, 1910 వేసవులలో అతడు చిన్నపాటి జీతానికి బేస్‌బాల్ ఆడినాడని 1913 జనవరిలో పత్రికలు బయటపెట్టాయి. అటువంటి పని చేసిన కళాశాల విద్యార్థులు అనేకులుండేవారు; వారు మారుపేర్లతో ఆడేవారు, థార్ప్ సొంతపేరుతో ఆడినాడు. తనకేమీ తెలియదని వార్నర్ తప్పుకొన్నాడు. అభ్యంతరాలను 30 రోజులలో తెలుపవలెనన్న నియమమున్నా, పతకాలు వెనుకకు తీసికొన్నారు. థార్ప్ 1953లో మరణించాడు. 1982లో ఒలింపిక్ సంఘం మనసు మార్చుకొని, మరుసటి సంవత్సరం పతకాల ప్రతిరూపాలను అతని సంతానానికి అందించింది. అయితే సహవిజేతగా మాత్రమే గుర్తించింది. ఏకైక విజేతగా పేరెక్కడానికి 2022 జులై వరకు ఆగవలసి వచ్చింది.

థార్ప్ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ జట్టులో ఒకే ఒక్కనిని ఎన్నుకొమ్మంటే నేను గస్ వెల్చ్‌ను ఎన్నుకొంటాను. ఒజిబ్వే తెగవాడు, 1911, 1912లలో జట్టును నడిపిన క్వార్టర్‌బ్యాక్. ఆటగాళ్ళకు బడిలో వేరే వసతి, మంచి భోజనం ఉండేవి. చేతిలో పైకం కూడ పడేది. తనకు లోటులేదని మిన్నకుండవచ్చు. వెల్చ్ అట్లా ఉండలేదు. 1914లో తక్కిన పిల్లల తిండి, శిక్షలు, నిర్లక్ష్యం గురించి విచారణ జరిపించవలసిందని ఒక విజ్ఞాపన సిద్ధం చేశాడు. 276 మంది విద్యార్థులు సంతకాలు చేశారు. అమెరికా పార్లమెంటు సంఘం కార్లైల్‌కు వచ్చి సాక్ష్యాలు తీసికొన్నది. పోటీల టిక్కెట్ల మీద వచ్చిన ధనం ఎట్లా వ్యయమైనదో అప్పుడు వెల్లడైంది. వార్నర్ మంచి శిక్షకుడే కాని నీతి లేనివాడని, విద్యార్థులను దూషించేవాడని వెల్చ్ నిర్భయంగా సాక్ష్యం చెప్పాడు. తన కీర్తికి కారకుడైన శిక్షకుని గురించి ఆ వయసులో అట్లా చెప్పడానికి ఎంత గుండెనిబ్బరం కావాలి! పాఠశాలాధిపతి పదవి పోయింది. వార్నర్ ఆ సంవత్సరాంతానికి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. అక్కడ మరింత పేరు గడించాడు కూడ.

గెలుపు బీరువాలోని కప్పులను చూచి మురిసే ప్రధానోపాధ్యాయులలో నేనూ ఒకతెనే. ఆ కప్పుల వెనుక వసతిగృహపు వంటశాల ఎట్లా ఉన్నదో అడిగిన విద్యార్థి ఏ బడికైనా దొరకడం అరుదు.

వెల్చ్ న్యాయశాస్త్రం చదివి, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి, తరువాత కళాశాల జట్లకు శిక్షకుడైనాడు. అతని తెగకే చెందిన జో గయాన్ 1917లో జార్జియా టెక్ జట్టులో చేరి దానిని జాతీయ విజేతను చేసిన వారిలో ఒకడైనాడు. 1920లో వృత్తి ఫుట్‌బాల్ జట్ల సంఘం ఏర్పడినపుడు మొదటి అధ్యక్షుడుగా థార్ప్‌నే ఎన్నుకొన్నారు. నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అదే.

కార్లైల్ బడి మాత్రం విచారణ తరువాత కోలుకోలేదు. 1918లో దానిని మూసివేసి, యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా మార్చారు. 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ఇటువంటి బడుల విషయమై ఆదివాసులకు క్షమాపణ చెప్పి, డిసెంబరులో కార్లైల్‌ను జాతీయ స్మారకచిహ్నంగా ప్రకటించాడు. బారకాసులు ఇప్పటికీ సైన్యం ఆధీనంలోనే ఉన్నాయి. అక్కడే చదువుకొంటూ క్షయ మొదలైన వ్యాధులతో మరణించిన పిల్లల శ్మశానవాటిక ఉన్నది. 2017 నుండి సైన్యం ఆ సమాధులను తెరిపించి, అవశేషాలను వారి వారి కుటుంబాలకు, తెగలకు అప్పగిస్తున్నది. కొన్ని రాళ్ళ మీద పేర్ల అక్షరాలు తప్పుగా చెక్కి ఉన్నాయి. మరికొన్నింటి మీద పేరు లేదు. ‘తెలియదు’ అని మాత్రం ఆంగ్లంలో చెక్కి ఉన్నది.