ఆరాధన వేళ పసిబిడ్డలను ఎత్తుకొన్నవారు



శతవార్షికోత్సవ సంచిక అనగానే మన తలపు బిషప్పులవైపును, మిషనరీ దొరలవైపును, బడులు ఆస్పత్రులవైపును పోవును. అది న్యాయమే. 1841లో హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు గార్లు మచిలీపట్నములో దిగిరి. 1843లో నోబులు గారి పాఠశాల తెరువబడెను. 1858లో బెజవాడ మిషను కేంద్రమాయెను. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య గారు డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఇవన్నియు వ్రాతలో నిలిచియున్నవి.

మన సంఘ రిజిస్టర్లలో బాప్తిస్మములకు, వివాహములకు, సమాధులకు, కానుకలకు వేరువేరు పుటలు గలవు. కాని తల్లి ప్రభువు బల్లయొద్దకు నడచినప్పుడు ఆమె చంటిబిడ్డను ఎత్తుకొన్నది ఎవరు? దానికి పుట లేదు. ఈ చిన్న వ్యాసము ఆ లేని పుటను గూర్చినది.

1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టవలన కృష్ణా డెల్టాలో కాలువలు పారెను, వరి పెరిగెను. నాట్లు వేసినవారిలోను, కోతలు కోసినవారిలోను మన తల్లులు, అమ్మమ్మలు ఉండిరి. పొలము గట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను కాపలా ఉంచి, తల్లి బురదలో దిగెడిది. ఆదివారమున గుడి యొద్దను అదే ఏర్పాటు. లోపల చాపమీద తల్లి, వెలుపల చెట్టునీడను ఉయ్యాల, దానిని ఊపుచు ఎనిమిదేండ్ల అక్కయో, చూపు తగ్గిన నాయనమ్మయో. తల్లికి ఆరాధన దొరికెను గాని, ఊపిన అక్కకు బడియు పోయెను, ఆరాధనయు పోయెను.

పరుల బిడ్డలను మన చేతిలోనికి తీసికొనుట ఎంత భారమో మన చరిత్రయే చెప్పుచున్నది. మచిలీపట్నములో షార్కీ దొరసానిగారు బాలికలకు వసతితో కూడిన బడి నడిపిరి. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చెను. బందరులోను చుట్టుపట్లను సుమారు ముప్పది వేలమంది చనిపోయిరి. ఆ బడిలోని బాలికలు అనేకులు అందులో పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన ఆ దుఃఖమును మరల మన ఇండ్లలోనికి తెచ్చినది. నీటిచెంత నివసించు జనము పిల్లల విషయములో ఏమరుపాటుగా ఉండతగదు.

పిల్లల పరిచర్యకు ఒక క్రమము రానురాను ఏర్పడినది. 1780లో ఇంగ్లండులో రాబర్టు రెయిక్సు గారు ఆరంభించిన సండేస్కూలు ఉద్యమము మన దేశమునకు వచ్చి, 1876లో ఇండియా సండేస్కూలు యూనియను ఏర్పడెను. అదే సంవత్సరము ఇంగ్లండులో మేరీ సమ్నర్ గారు తల్లుల సంఘమును స్థాపించిరి. 1912 డిసెంబరు 29న అజరయ్య గారు బిషప్పుగా అభిషేకము పొందిరి. తరువాత 1920లో మన ప్రాంతపు సి.యం.యస్. సంఘములు దోర్నకల్ అధ్యక్షఖండములో చేరెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియేనని ఆయన బోధించి, సాక్ష్యపు వారములలో కూలివారిని సైతము సువార్తకు పంపిరి. పరిచర్య జీతగాండ్రది మాత్రమే కాదు, అందరికి అందులో వంతు కలదు అను సంగతి మనము ఆయనయొద్ద నేర్చుకొన్నదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మట స్త్రీల మైత్రి ఆ భారమును మోసినది.

అయినను మంచి మనస్సు ఒక్కటే చాలదని నేను ఒక ఆదివారమున నేర్చుకొంటిని. అప్పుడు నేను కాలువ ఒడ్డున ఉన్న ఒక సంఘములో కాపరిని. అది సంస్కారపు ఆదివారము. పదునారుగురు పిల్లలు ప్రక్కగదిలో ఉండిరి. నలుగురు సహోదరీలు చూచుచున్నామనిరి. బల్లయొద్ద నేను పాత్ర ఎత్తుచుండగా కేక వినబడెను. మూడేండ్ల బాలుడు లేడు. సార్వా నాట్ల కాలము, కాలువ నిండుగా పారుచున్నది. దేవుని కృపవలన బాలుడు రేవు మెట్లమీద కూర్చుండి, చెప్పు నీళ్లలో ముంచి ఆడుకొనుచు కనబడెను. ఇంకొక మెట్టు దిగియుండిన యెడల ఏమగునో వ్రాయజాలను.

నలుగురిలో ప్రతివారును తక్కిన ముగ్గురు చూచుచున్నారనుకొనిరి. పదిమంది చేతిలో పడిన పాము చావదని మన పెద్దలు ఊరక అనలేదు. నేను కొంచెము కఠినముగానే మాటలాడితిని. అందులో పెద్దామె కన్నీళ్లతో, “అయ్యగారూ, పదకొండేళ్లుగా ఆ గదిలోనే ఉంటున్నాను. మీ ప్రసంగం ఒక్కటైనా పూర్తిగా విన్నానా? ఒక్కసారైనా ఎవరైనా వచ్చి ‘అక్కా, నువ్వు లోపలికెళ్లు’ అన్నారా?” అనెను. నాయొద్ద జవాబు లేదు. తప్పు ఆమెది కాదు. అడుగని కాపరిది, వంతు పంచుకొనని సంఘముది.

ఆ రాత్రి దినవృత్తాంతముల గ్రంథము తీసితిని. దావీదు యాజకులను ఇరువదినాలుగు తరగతులుగా విభజించెను. ఆ క్రమము వందల ఏండ్లు నిలిచినందుననే, అబీయా తరగతివాడైన జెకర్యా తన వంతు వచ్చినప్పుడు ఆలయములో దేవదూతను చూచెను. పట్టీ ఆత్మకు విరోధము కాదు. మన రైతులకిది తెలియును. కాలువ చివర భూములకు నీరు అందవలెనన్నచో వంతులుండవలెను, లస్కరు తూముయొద్ద ఉండవలెను.

మా సంఘములో ఈ విధముగా ఏర్పాటు చేసికొంటిమి. నెలకొకసారి పట్టీ వ్రాసి గుడి గోడకు అంటింతుము. వారమునకు ఇద్దరు, ఒకరు అనుభవముగల తల్లి, ఒకరు యౌవనస్థులు. పురుషులకును వంతు కలదు. ఏ ఒక్కరును ఒంటరిగా పిల్లలతో ఉండరాదు. రాలేనివారు శనివారము సాయంత్రములోగా బదులు మనిషిని చూచుకొని కబురంపవలెను. బిడ్డ పేరు, అప్పగించినవారి పేరు పుస్తకములో వ్రాసి, మరల వారి చేతికే ఇయ్యవలెను. కాలువవైపు తలుపు గడియ వేయవలెను. నాట్లకు, కోతలకు కూలికి పోవు తల్లులకు ఆ నెలలలో వంతు వేయక, రిటైరైన ఉపాధ్యాయులకు, కాలేజీ పిల్లలకు వేయుదుము. సంస్కారపు ఆదివారమున చూచువారికి మొదటి బల్లలోనే సంస్కారమిత్తుము. ఇప్పుడు సెల్‌ఫోనులో జ్ఞాపకము చేయుట సులభమైనను, గోడమీది పట్టీ తీసివేయలేదు. పేరు పదిమంది చదువునట్లు ఉండుట ఒక గౌరవము.

పట్టీ పెట్టిన మొదటి ఆదివారము ఆ పెద్దామె మొదటి వరుసలో కూర్చుండెను. ప్రసంగము మధ్యలో రెండు సార్లు ప్రక్కగదివైపు చూచెను. తరువాత చూడలేదు.

నైలునది ఒడ్డున జమ్ములో ఉంచిన తమ్ముని దూరమునుండి కనిపెట్టిన మిర్యాము మొదలుకొని, చెట్టుక్రింద ఉయ్యాల ఊపిన మన అక్కలవరకు, దేవుడు తన ప్రజలను ఇట్టివారి కన్నులతో కాపాడెను. రానున్న శతాబ్దములో ప్రతి పాస్టరేటు రిజిస్టరులో వారికొక పుట తెరువుడని నా మనవి. ఆ పుటలో మొదటి పేరు సంఘకాపరిదే అయిన యెడల మరియు మంచిది.

ఆయనకే మహిమ కలుగునుగాక. ఆమేన్.