ఘాటు రోడ్డు, కూలీ పద్దు

యంత్రాలంటే ప్రాణం పెట్టే ఇద్దరు మిత్రులతో కలిసి విశాఖనుంచి అరకుకు రైలులో వెళ్ళాను. ఇద్దరూ కంప్యూటరు ఇంజనీర్లే. కొత్తవలస–కిరండూల్ మార్గం మొత్తం మీద 58 సొరంగాలున్నాయని వారు ఉత్సాహంగా చెప్పారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో ఈ మార్గం వేశారని నేను అన్నాను. ఆపైన మాట పుస్తకాల మీదికి, వారి ఆఫీసు చాకిరీ మీదికి మళ్ళింది.

తప్పక చదవమని వారు చెప్పినది ట్రేసీ కిడర్ 1981లో ప్రచురించిన 'ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషీన్'. అమెరికాలో ఒక కంపెనీ కొత్త కంప్యూటరును తయారు చేయించిన కథ అది. పట్టా చేతికొచ్చి ఎంతోకాలం కాని కుర్రవాళ్ళు, ఎవరూ నిర్బంధించకుండానే, రాత్రింబవళ్ళు పనిచేశారు. కిడర్ వారి మధ్యనే మెలగి, వారి మాటలు విని రాశాడు.

"మాస్టారూ, మీ చరిత్రలో పనిచోటు కనిపించదేం?" అన్నాడు ఒక మిత్రుడు.

కనిపిస్తుంది. కాకపోతే మేము చూపించము. అరకూ చింతపల్లీ నేడు ఒకే జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లాకు 2022లో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఆ పేరు వెనుక ఒక రోడ్డు ఉన్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు మీద ఆంక్షలు బిగిశాయి. అడవిలో తిండి కరువైన మన్యం ప్రజలను గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఘాటు రోడ్డు పనికి తోలించాడు. ఇవ్వవలసిన కూలీ ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి జరిగింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి.

తిరుగుబాటుదార్లందరూ కూలీలే అనుకోవడం మాత్రం పొరపాటు. గాం గంటందొర బట్టిపనుకుల మునసబుగా ఉండి పదవి పోగొట్టుకున్నవాడు. గ్రామ పెద్ద అక్కసు, కూలివాడి ఆకలి ఒకే బాటన నడిచాయి. ఈ సంక్లిష్టతను తెలుసుకోగోరేవారు డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం–రంప తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసం చదవాలి. అది 1982లో 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటంలో వచ్చింది. మిత్రులకు నేను చెప్పిన పుస్తకం అదే.

చెప్పాక సిగ్గుపడ్డాను. తరగతిలో ఏళ్ళ తరబడి నేను సీతారామరాజును విల్లంబులతోనే నిలబెట్టాను. కూలీ పద్దు ఒక్కనాడూ విప్పలేదు. వీరరసం చెప్పడం సులువు, పిల్లలు కూడా నోట్సు త్వరగా రాసుకుంటారు.

అయితే రెండు పుస్తకాలనూ ఒకే తూకాన వెయ్యలేము. ఇష్టపడి చేసిన చాకిరీలోనూ దోపిడి ఉండవచ్చు, కాని అది వెట్టి కాదు. మరొక భేదం కూడా ఉన్నది. ఇంజనీర్ల పక్కన కూర్చోవడానికి కిడర్ ఉన్నాడు. ఘాటు రోడ్డు మీద రాళ్ళు కొట్టినవాడి పక్కన అలా కూర్చున్నవారు లేరు. అతని మాట మనకు చేరినది చాలామట్టుకు అధికారుల కాగితాల గుండానే. ఆర్నాల్డ్ కూడా ఆ కాగితాలనే ఎదురీది చదవవలసి వచ్చింది.

అరకులో దిగాక ఆ వ్యాసం పంపమని మిత్రుడు అడిగాడు. పంపాను. ఈ ఏడు పాఠం రోడ్డుతోనే మొదలుపెట్టాను.