ఎదుటివారి చేతిలో ఏముంది: సికింద్రాబాద్ రమ్మీ నుంచి ఆన్‌లైన్ పోకర్ దాకా

పేకాటలో ఎదుటివారి ముక్కలను అంచనా కట్టడం నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన కేసు సికింద్రాబాద్‌లో పుట్టింది. 1963 మే నెలలో పోలీసులు అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. కేసు నడిచింది 1305 ఫసలీ నాటి, అంటే నిజాం పాలనలోని హైదరాబాద్ జూద చట్టం కింద. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా, 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదని, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలని, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని అందులో తేల్చారు. పంచడంలో అదృష్టం లేకపోలేదు గానీ అది బ్రిడ్జిలోనూ ఉన్నదేనన్నారు. అయితే నిర్వాహకులు ఆట మీద లాభం గుంజుకుంటే అది నేరమే కావచ్చని ఒక హెచ్చరికను కూడా చేర్చారు. తర్వాతి యాభై ఏళ్లు ఈ తీర్పు మొదటి సగాన్ని ఉదహరించినవారే ఎక్కువ. నిజానికి రెండో సగానికీ అంతే బరువుంది.

పడిన ముక్కను గుర్తుపెట్టుకోవడం అంతకు ముందునుంచీ ఉన్న విద్యే. నిర్మల్ చిత్రకారులు రంగులద్దిన గుండ్రటి గంజిఫా ముక్కలతో ఆడే ఆటలోనూ ఏవి అయిపోయాయో లెక్క తెలిసినవాడిదే పైచేయి. మొగలు గంజిఫాలో 96 ముక్కలు, దశావతార గంజిఫాలో 120. అన్నింటినీ తలలో ఉంచుకోవడం చిన్న పని కాదు.

పదమూడు ముక్కల రమ్మీలో రెండు కట్టలు కలుపుతారు కాబట్టి ప్రతి ముక్కా రెండేసి ఉంటుంది. ఎదుటివాడు ఆఠీను ఎనిమిదిని ఎత్తుకున్నాడంటే దాని పక్క ఆఠీను ముక్కలు గానీ, వేరే రంగు ఎనిమిదులు గానీ అతని చేతిలో ఉన్నట్టు లెక్క. ఇక అతని ముందు ఆఠీను ఏడును గానీ తొమ్మిదిని గానీ వదలకూడదు. ఇస్పేటు రాజులు రెండూ కింద పడ్డాక రాణి, జాకీ పట్టుకుని కూర్చున్నవాడికి జోకరును పక్కనపెడితే ఇస్పేటు పది ఒక్కటే దిక్కు. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, సీక్వెన్సు కూడా పడకుండా దొరికిపోతే 80 దాకా కౌంటు పడుతుంది. ఎప్పుడు తప్పుకోవాలో తెలియడం కూడా ఎదుటివారి చేతిని చదవడంలో భాగమే.

పోకర్‌లో ఈ ఆనవాళ్లు ఉండవు. టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు వస్తాయి, మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు తెరుస్తారు. ఎత్తడం, పడేయడం లేవు. నాలుగు విడతల్లో ఎవరు ఎంత పెట్టారు, ఎవరు తప్పుకున్నారు అన్నదే సాక్ష్యం. అందుకే అనుభవజ్ఞులు ఎదుటివాడి దగ్గర ఫలానా జత ఉందని పందెం కాయరు. అతను అలా ఆడడానికి వీలున్న జతలన్నిటినీ ఊహించి, ప్రతి విడతకూ కొన్ని కొట్టేస్తూ వస్తారు. 52 ముక్కల్లో రెండేసి చొప్పున 1,326 జతలు కుదురుతాయి. మొదట గట్టిగా పెంచినవాడి దగ్గర ఆసుల జత, రాజుల జత, ఆసు-రాజు ఉండొచ్చనుకుందాం. బల్ల మీద ఒక రాజు తెరుచుకుంటే మిగిలిన మూడు రాజులతో జత మూడు విధాలుగానే కుదురుతుంది. ఆసుల జతకు ఆరు విధాలు, ఆసు-రాజుకు పన్నెండు. అంటే మొదటి రెండూ కలిపినా ఆసు-రాజు అవకాశమే ఎక్కువ. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కర్ మోర్గెన్‌స్టర్న్ 1944 నాటి గ్రంథంలో పోకర్‌కు ఒక విభాగమే కేటాయించడానికి కారణం ఇలాంటి అసంపూర్ణ సమాచారంతో తీసుకునే నిర్ణయాలే.

1998లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పోకర్ మొదలైంది. ముఖం, చేతుల వణుకు చూసి చదివే పద్ధతికి అక్కడ చోటు లేదు. పందెం పరిమాణం, నొక్కడానికి తీసుకున్న సమయం, గతంలో ఆడిన తీరు మాత్రమే మిగిలాయి. 2003లో ఇంటర్నెట్ ద్వారా అర్హత సాధించిన క్రిస్ మనీమేకర్ ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలవడంతో ఆట చాలా దేశాలకు పాకింది. మన దేశంలో 2011లో అడ్డా52 వంటి వేదికలు వచ్చాయి. రూపాయి-రెండు రూపాయల బ్లైండ్లు (తప్పనిసరి మొదటి పందేలు) ఉన్న చిన్న బల్లల మీద ఆడేవారి స్వభావం ఒక తీరుగా ఉండేది: ముక్క బాగున్నా లేకపోయినా చివరిదాకా కాల్ చేస్తూ పోయేవారు, బ్లఫ్ తక్కువ. అందుకే అంతదాకా మెత్తగా ఆడినవాడు ఆఖరి ముక్క దగ్గర హఠాత్తుగా భారీగా పెంచితే, చాలాసార్లు బలమైన చేయి ఉన్నట్టే లెక్క. అంచనా సరిగ్గా ఉన్నా లాభం ఖాయంగా ఉండేది కాదు. వేదిక ప్రతి పాట్ (పోగైన పందెం సొమ్ము) నుంచి కొంత శాతం కోసుకునేది, చిన్న పందేల్లో ఆ కోతే మొదటి ప్రత్యర్థి. 1967 తీర్పులోని హెచ్చరిక ఇక్కడే గుర్తుకు రావాలి.

సికింద్రాబాద్‌కు ఆనుకునే ఉన్న తార్నాకకు ఈ చరిత్ర మరో విధంగా తగిలింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), దగ్గర్లోని పరిశోధనా సంస్థల వల్ల అది విద్యార్థుల పేట. హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివేవారికి 2016 సెప్టెంబరులో జియోతో చౌక డేటా, దానితో పాటే ఆన్‌లైన్ ఆటలు అందుబాటులోకి వచ్చాయి. తొమ్మిది నెలలకే, 2017 జూన్‌లో, తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. ఆ ఏడాది సవరణలతో డబ్బు పందెం ఉంటే నైపుణ్యం ఆటకూ మినహాయింపు లేకుండా పోయింది. రమ్మీని నైపుణ్యపు ఆటగా తేల్చిన కేసు పుట్టినచోటే ఆ కొలమానాన్ని పక్కనపెట్టారు. వేదికలు రాష్ట్రం నుంచి వచ్చేవారిని అడ్డుకోవడం మొదలుపెట్టాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే దారి పట్టింది.

కోర్టులు మాత్రం ఏకమాట మీద లేవు. పోకర్‌ను 2013లో కర్ణాటక హైకోర్టు నైపుణ్యపు ఆటగా చూస్తే, 2017లో గుజరాత్ హైకోర్టు అలా ఒప్పుకోలేదు. చేతిని చదవడం నైపుణ్యమేనన్నది లెక్కలతోనే తేలుతుంది, ఆ విషయంలో కర్ణాటక దృష్టి సరైనది. కానీ చదవగలిగేవాళ్లు కొద్దిమంది, పోగొట్టుకునేవాళ్లు ఎక్కువమంది అన్నది ప్రభుత్వాల వాదన, దానిలోనూ నిజముంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే వదిలేసి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో పడిన పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకుంది. ఆ చట్టం ప్రకారం ఆడించినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు.